అవ్వ తట్టి చూసిన రేకు

మా రేణిగుంట వీధిలో కుండలమ్మే అవ్వ ఏ కుండనైనా వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి విన్నాకే ఇచ్చేది. ఆ వేసవి సుడిగాలికి మా ఇళ్ల పైకప్పు రేకులన్నీ లేచిపోయి చేలల్లో పడ్డాయి. అవ్వకు ఒక్క కుండా మిగల్లేదు.

ఏ రేకు ఎవరిదని మేం తగువులాడుతుంటే, ఆమె ఒక్కో రేకునూ కుండలాగే తట్టి చూసింది. అన్నిటికన్నా ఖంగుమన్నది ఆమె ఇంటి నీలం రేకే.

"దీన్ని ముందు ఎదురింటి బాలింతకు కప్పండబ్బా," అంది.

తగువు మాని, వీధంతా కలిసి ఒక్కో ఇల్లే కప్పుకొచ్చాం. చివరికి రేకులు చాలకపోతే, తనకు ప్లాస్టిక్ పట్టా చాలంది అవ్వ.

వాన మొదలైన సాయంత్రం ఆమెను మా ఇంటికి పిలవబోయాను. పట్టా కింద తడుస్తూ, బాలింత ఇంటివైపు చెవి ఒగ్గి కూర్చుని ఉంది.

"ఇను నాయనా, నా రేకు ఎంత బాగా పలకతా ఉండాదో!"