ఉప్పుకుండ కడిగిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా గురజాల వైపు నీళ్ళంటే నెత్తిన మోసుకొచ్చుకునేవే. ఊరిబావి మా ఇంటికి దూరం. చెంబెడు ఒలకబోస్తే వీపు మీద ఒకటి పడేది. ఈ మాట ముందే ఎందుకంటే, నేను చేసిన పనికి పొదుపని పేరు పెట్టుకుని చాలా ఏళ్ళు తప్పించుకోవాలని చూశాను. అది పొదుపు కాదు, ఒళ్ళు బద్ధకం.

తొలకరికి ముందు మా తాతయ్య విత్తనాన్ని పరీక్షించేవాడు. ఇరవై జొన్నగింజలు లెక్కపెట్టి, తడిపిన పాత పంచెగుడ్డలో చుట్టి, మూకుట్లో పెట్టి నీడన ఉంచేవాడు. మూడో రోజుకి ఎన్ని మొలకెత్తితే విత్తనానికి అంత బలమన్నమాట. ఆ ఏడు మాది చూడటం అయ్యాక, పక్కింటి పెద్దమ్మ తన విత్తనం తెచ్చింది. భర్త పోయిన మనిషి. ఎకరం చేను, కుండెడు విత్తనం, అంతే ఆమె ఆధారం. రెండు పూటలా గుడ్డ మీద బావినీళ్ళు చిలకరించే పని తాతయ్య నాకప్పజెప్పాడు. రెండో తరగతితో బడి మాని ఇంటిపట్టున ఉన్నదాన్ని నేనే.

మొదటిపూటే కడవలో నీళ్ళయిపోయాయి. ఎండలో బావిదాకా ఎవరు పోతారు? మా అమ్మ ఉప్పుకుండ కడిగిన నీళ్ళు గిన్నెలో ఉంచి, రోజూ కాసిని గేదె కుడితిలో పోసేది. నీళ్ళు నీళ్ళే కదా అని అవే చిలకరించాను. ఆ మూడు రోజులూ అవే.

గుడ్డ విప్పితే ఒక్క గింజా మొలవలేదు.

"చచ్చు విత్తనమైనా నాలుగన్నా వస్తాయే! ఇదేందిరా దేవుడా!" అన్నాడు తాతయ్య. రెండు రోజులు ఆగమ్మా అన్నాడు గానీ పెద్దమ్మ ఆగలేదు. "ఆగితే పురుగు తింటది మావా. మేమన్నా తింటాం," అని కుండెత్తుకుపోయింది.

ఆ మధ్యాహ్నం గోడవతల తిరగలి మొదలైంది. ఆ గరగర వింటూ అరుగు మీద కూర్చున్నాను. ఒక్కమాట చెబితే ఆగిపోయేది. తన్నులకు భయపడి నోరు విప్పలేదు. పొద్దుగూకేవేళ ఆమె మాకొక రొట్టె తెచ్చిచ్చింది. "తినవే, చేలో పడకపోయినా పొట్టలో పడింది," అని నవ్వింది. ఆ ముక్క నా గొంతు దిగలేదు.

మర్నాడు తాతయ్య ఆరిన గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. దాని మీద తెల్లటి చారలు. నాలుకకు తగిలించుకుని నావైపు చూశాడు. పెద్దమ్మ దగ్గర మిగిలిన విత్తనంలో నలభై గింజలు తెప్పించి, రెండు మూటలు కట్టించాడు. ఒకదానికి బావినీళ్ళు, రెండోదానికి ఆ గిన్నెలో నీళ్ళు, రెండూ నా చేతనే పోయించాడు. మూడో రోజు బావినీళ్ళ మూటలో పద్దెనిమిది మొలిచాయి. రెండోదాంట్లో ఒక్కటీ లేదు.

"పో, రెండూ పట్టుకెళ్ళి నువ్వే చెప్పు," అన్నాడు.

చెప్పాను. పెద్దమ్మ మొలకల వంకా, సగమైన కుండ వంకా చూసింది. "ఏమే, తిరగలి తిప్పేటప్పుడు నీకు నోరు లేదా?" అంది. కొట్టి ఉంటే బాగుండేది.

తక్కువపడిన విత్తనం తాతయ్య మా కుండలోంచి ఇచ్చాడు. దాంతో మాకు చాలక మా చేలో ఒక మూల విత్తకుండా వదిలేశాడు. ఆ ఏడంతా చద్ది మోసుకెళ్ళినప్పుడల్లా పచ్చటి చేను పక్కన ఆ బీడు నన్నే చూస్తున్నట్టుండేది. ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఎత్తితే తీరిపోయేదేమో.

ఇప్పుడు నా మనవరాలు బడికోసం దూదిలో పెసలు వేసి, మొలవకపోతే "గింజలు మంచివి కావు నానమ్మా," అంటుంది. "ముందు నీళ్ళెవరు పోశారో చెప్పు. ఏ నీళ్ళు పోశారో చెప్పు," అంటాను. కసురుకుంటానని దానికి కోపం. నిజం చెబితే మాత్రం ఒక్కమాటా అనను.

జొన్నరొట్టె మొదటి ముక్క నాకు నేటికీ గొంతులో కాసేపు ఆగుతుంది. "ఉప్పు సరిపోలేదా అత్తయ్యా?" అని అడుగుతుంది కోడలు.

సరిపోయిందనే చెబుతాను.