పంకజం బావి గట్టు మీది తేదీలు

పంకజం వాళ్ల బావి గట్టు లోపలివైపు ఎర్రరంగుతో పంతొమ్మిది తేదీలు రాసి ఉంటాయి. ఏటా వానలు తగ్గాక నీళ్లను పరీక్షకు పంపి, బాగున్నాయని కాగితం వచ్చిన రోజున రాసినవి. మాధవరం దాటి పొలాల్లో ఉన్న మా వీధిలో ఇంటికో బావి ఉన్నా, ఈ పని చేసేది ఆమె ఒక్కతే. పాలకేంద్రంలో ముప్పై ఏళ్లు చేసిన మనిషి. అక్కడ ప్రతి క్యానులోంచీ కాస్త తీసి చూడందే పాలు లోపలికి పోవట.

మొన్న కార్తీకంలో వరద ఆ గట్టు మీదుగా పారింది. వారానికల్లా నీళ్లు తేరుకుని అద్దంలా మెరిశాయి. అప్పుడే పంకజం కోడలు సరణ్య నెల బిడ్డతో పుట్టింటి నుంచి వచ్చింది. పాలు చాలక బిడ్డకు డబ్బాపాలు కలపాలి. పంకజం మాత్రం చేద అటకెక్కించి, నీళ్ల క్యాన్లు కొంటోంది.

నేను ఊరుకుంటానా? నా చేదతో ఆ బావిలోనే తోడుకెళ్లి కందిపప్పు ఉడకేశాను. రెండు విజిల్స్‌కే వెన్నలా అయింది.

"ఏమే పంకజం, ఈ నీళ్లకు వంకబెట్టేది నువ్వొక్కదానివే. పప్పు చూడు!"

"పప్పు ఉడికితే ఉప్పునీళ్లు కాదని తెలిసె అక్కా. పురుగు లేదని పప్పు చెప్తాదా? బిడ్డకు నీళ్లు పోస్తుండా, పరీక్షోళ్లిచ్చిన సీసా ఆడుంది, రవంత నింపుకొని రా."

పరాయివాళ్లకు పచ్చినీళ్లిస్తామా? కాచి, వడగట్టి, నింపి ఇచ్చాను. ఆమె సీసా పట్టుకుని నిలబడిపోయింది.

"ఇదేంది, గోరువెచ్చగా ఉండాది?"

"కాచినా."

"అయ్యో అక్కా! దొంగను సాగనంపి పోలీసును పిలిస్తే ఎట్లా?"

సరణ్య బిడ్డను పట్టుకుని పడీపడీ నవ్వింది. ఇంకో సీసా తెప్పించి, ఈసారి పంకజమే నింపింది.

మూడోనాడు కాగితం వచ్చింది. మలంలో ఉండే క్రిములున్నాయట. ఒక గ్లాసెడు తోడించి ఎండకెత్తి చూశాను. నలక లేదు, వాసన లేదు. ఎటు తిప్పినా వెలుగే. అంత వెలుగులో అవి ఎక్కడ దాక్కున్నాయో! సరణ్య ఒడివైపు చూశాను. బిడ్డ పెదాలు చప్పరిస్తోంది.

ఆరోగ్య కేంద్రంవాళ్లు చెప్పిన లెక్కన పంకజం బావిలో బ్లీచింగ్ వేయించి, నీళ్లు తోడించి, మళ్లీ పరీక్షకు పంపింది.

"ఏటికొకసారి చాలదా మే?"

"మామూలుగా చాలు. వరద తాకినా, రంగో వాసనో మారినా అప్పుడే చూడాల. మందేసినంక ఇంకోసారి."

రెండో కాగితం బాగున్నాయంది. పంకజం ఇరవయ్యో తేదీ రాసింది. ఆ నీళ్లే కాచి చల్లార్చి, సరణ్య పాలు కలిపింది. బిడ్డ గుటకలేస్తుంటే ముగ్గురం ఆ నోటినే చూశాం.

ఇంటికొచ్చి, అదే వరదలో మునిగిన మా బావిలోకి తొంగిచూశాను. నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి. గట్టు మీద ఒక్క తేదీ లేదు. చేద విప్పి పక్కన పెట్టాను.