పలక, గ్లాసు, సీలింగ్ ఫ్యాను

బడులకు తాళాలు పడిన ఆ రోజుల్లో, మార్కాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో కొత్తగా చేరిన నాకు దొరికిన పని ఫోను పట్టుకోవడం. బీఎస్సీ, బీఈడీ చదివింది ఇందుకేనా అని ఇంట్లో అడిగారు. ఆ ఫోనులో కనిపించేది మా సైన్సక్క కాబట్టి నాకేమీ చిన్నతనం అనిపించలేదు. (మా సీనియర్ ఫిజిక్సు మేడమ్‌కు నేను పెట్టుకున్న పేరది.) రోజూ ఒక ప్రయోగం లైవ్‌లో చేసి చూపేది. పిల్లల ఇంట్లో లేని వస్తువు తన బల్ల మీద ఉండకూడదని ఆమె పట్టుదల. టైం కూడా పిల్లలదే. యర్రగొండపాలెం వైపు పల్లెల్లో ఫోను నాయనతోపాటు గొర్రెల వెంట పోతుంది. మధ్యాహ్నం మంద గుట్ట మీద నీడపట్టుకు చేరాక, అన్నం క్యారేజీ తీసుకుపోయిన పిల్లలు ఫోను అందుకుంటారు. సిగ్నలు దొరికేదీ అక్కడే. అందుకని మా లైవ్ మిట్టమధ్యాహ్నం మొదలయ్యేది. గొర్రెలను బట్టి టైంటేబుల్ వేసిన టీచరు నాకు మరొకరు కనిపించలేదు.

అప్పటికే ఒకటి రెండు ప్రయోగాలు బెడిసికొట్టడంతో మా కరస్పాండెంటు గారికి ఇదంతా దండగనిపించింది. "ఈ రోజు కూడా అభాసుపాలైతే, రేపట్నుంచి నోట్సు చదివి వినిపించండమ్మా, చాలు" అని ఆ రోజు స్టాఫ్ రూము తలుపు దగ్గరే కుర్చీ వేసుకున్నారు. అక్క ముఖంలో రంగు మారడం నేను చూశాను.

ఆనాటి పాఠం గాలి ఒత్తిడి. నిండా నీళ్లున్న గ్లాసు మీద అట్టముక్క పెట్టి తలకిందులు చేస్తారు కదా, అక్క అట్టకు బదులు పలక తీసుకుంది. పలకలకు పేరుపడ్డ మా మార్కాపురం వైపు పలక లేని ఇల్లు ఉంటుందా మరి. గ్లాసు తిప్పి, "చూడండమ్మా, ఇప్పుడు చెయ్యి తీసేస్తున్నా" అంది. తీసేసింది. పలక కిందపడి రెండు ముక్కలైంది, నీళ్లన్నీ ఆమె చీర మీదే. ఆమె పరువు కాపాడాలనుకుని నేను ఫోనును పైకి తిప్పాను. ఊరూరా పిల్లలు మా సీలింగ్ ఫ్యాను తిరగడం శ్రద్ధగా చూశారు.

"తమ్ముడూ, ఇటు తిప్పు. పడినదాన్ని కూడా చూడనీ" అంది అక్క, కొంగు పిండుకుంటూ. తర్వాత ఫోనులోకి చూసి, "ఎందుకు పడిందో మీరే చేసి చెప్పండి" అంది. కరస్పాండెంటు గారు లేచి నిలబడ్డారు.

కాసేపటికి బల్ల మీదున్న అక్క ఫోను మోగింది, స్పీకరు పెట్టింది. ఏడో తరగతి పాప, వెనకాల గొర్రెల అరుపులు. "మేడమ్, ఫస్ట్ మాది గూడా పడిపోయింది. మీరు పలక ఓ పక్కకు పెట్టినారు, బరువంతా అటే ఒరిగింది. నడిమికి పెడితే నిలబడింది మేడమ్."

వెంటనే ఒక మగ గొంతు. "అమ్మా, నేను పాప నాయన్ను. గొర్రె అడ్డమొచ్చి చూళ్లేకపోయినా. ఇంగోసారి చెయ్యండమ్మా."

అక్క గట్టిగా నవ్వింది. ఇంకో పలక నడిమికి పెట్టి తిప్పితే చుక్క కారలేదు. కరస్పాండెంటు గారు వంగి పలక కింద చెయ్యి పెట్టి చూశారు. "దారం గీరం ఏం లేదే" అన్నారు. నోట్సు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు అక్క రిటైరైంది, లైవ్‌లు నేను చేస్తున్నాను. ఫోనుకు స్టాండు కొన్నాను, దానికి భయం లేదు, ఏది పడినా కదలకుండా చూస్తుంది. మొన్న బస్టాండులో ఒక కాలేజీ అమ్మాయి ఎదురొచ్చి, "ఫ్యాన్ సార్, బాగుండారా? మా నాయన ఇప్పటికీ చుట్టాలొస్తే పలక తిప్పి చూపిస్తాడు" అంది. అక్కకు ఫోన్ చేసి ఆ మాట చెప్పాను. నా కొత్త పేరు మాత్రం చెప్పలేదు. "ఫ్యాన్ సార్ అనలేదా?" అంది, ఆమెకు ముందే తెలుసట.