జోడీ చూసిన పాదాలు

మా బాబాయి తన పాదాలు ఎవరినీ చూడనివ్వడు. గోడవైపు తిరిగి కూర్చుని, వేళ్ల సందులు పొడిగుడ్డతో ఒత్తుకుని మందు రాసుకుంటాడు. దానికి కారణమైన మనిషిని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సైన్యంలో ఉన్నప్పుడు బాబాయిది మండే ఇసుకలో పహరా. రోజంతా బూట్లు విప్పే వీలుండదు. చెమటకి మేజోళ్లు తడిసి ముద్దయ్యేవి. వేళ్ల మధ్య చర్మం తెల్లగా నాని ఊడిపోయేది, తామర గజ్జల దాకా పాకేది. అందుకని అక్కడొక పద్ధతి పెట్టారు. ప్రతి సిపాయికీ ఒక జోడీ. రోజూ సాయంత్రం ఒకరి పాదాలు ఒకరు చూసి, ఎలా ఉన్నాయో పైవాళ్లకు చెప్పాలి. జోడీ బాగున్నాయంటే ఇక ఎవరూ బూట్లు విప్పించరు.

బాబాయి జోడీ పక్క మంచం వాడే. ఇద్దరూ ఒకే కంచంలో తినేవారు. ఆరిన మేజోళ్లు ఎవరి చేతికి దొరికితే వాళ్లు తొడుక్కునేవారు. తామర ముందు వాడికొచ్చింది, వాడి నుంచి బాబాయికి. సరిగ్గా అప్పుడే లారీ డ్రైవరు పని ఖాళీ అయింది. బాబాయికి స్టీరింగంటే ప్రాణం. వాడూ ఆ పనే అడిగాడు. రోగముందని తెలిస్తే మాత్రం ఎవరినైనా పక్కన పెట్టేస్తారు.

"నావి బాగున్నాయని నువ్వు చెప్పు, నీవి బాగున్నాయని నేను చెప్తా. పని ఎవరికొచ్చినా మనకే కదరా," అన్నాడట వాడు. బాబాయి నమ్మాడు, వెర్రిబాగులవాడు!

ఎంపిక రోజు అధికారి ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి, ముందు బాబాయిని అడిగాడు.

"నీ జోడీ పాదాలెలా ఉన్నాయి?"

"బాగున్నాయి సార్."

తర్వాత వాణ్ణి అడిగాడు.

"వీడికి తామర ముదిరిపోయింది సార్. చూపించుకోమని ఎంత మొత్తుకున్నా వినడు."

అందరి ముందూ బాబాయి చేత బూట్లు విప్పించారు. వాడివి విప్పించలేదు. బాగున్నాయని బాబాయే చెప్పాడుగా! స్టీరింగు వాడికి దక్కింది, బాబాయికి ఆస్పత్రి మంచం.

"అప్పుడైనా నోరు విప్పొచ్చుగా బాబాయ్?" అని ఒకసారి గట్టిగా అడిగాను.

"నా మొహంలోకి చూస్తూ చెప్పాడమ్మా వాడు. నాకిక నోరు పెగల్లేదు," అన్నాడు.

మొన్న నడుం పట్టేసి బాబాయి వంగలేకపోయాడు. పిన్ని మందు తెచ్చి కింద కూర్చుంది.

"ఇలా పెట్టండి, నేను రాస్తాను."

బాబాయి గబుక్కున పాదాలు దుప్పటి కిందకి లాక్కున్నాడు.

"వద్దు. ఒకడు చూసింది చాలు."

పిన్ని మందు మంచం మీద పెట్టేసి, కళ్లొత్తుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.