ముక్కుగారి భార్య

ఆయన్ని పనిచేసే చోట అందరూ ముక్కుగారు అని పిలిచేవారు. ముక్కు పెద్దదని కాదు, చూడ్డానికి మామూలు ముక్కే. వీధిలోంచి నాలుగు మెట్లు దిగి వెళ్లే చిన్న ఫ్రెంచి హోటల్లో, ఏడంటే ఏడు బల్లలున్న చోట, ఇరవై ఆరేళ్లుగా వైన్ పోసే ఉద్యోగం ఆయనది. సీసా బిరడా తియ్యగానే గ్లాసులో కొంచెం వంపుకుని, గుండ్రంగా తిప్పి, ఒక్కసారి వాసన చూశాడంటే చాలు, అది ఏ తోటదో, ఎన్నేళ్లదో, మంచిదో చెడిందో చెప్పేసేవాడు. ఆ ముక్కు మీదే ఇల్లు గడిచింది. ఆ ముక్కు మీదే అమ్మాయి చదువు సాగింది.

ఈ కథ మాత్రం ఆయన భార్యది.

ఎనిమిది నెలల కిందట ఇంట్లో ముగ్గురికీ ఒకేసారి జ్వరం వచ్చింది. ఆమెకి నాలుగు రోజుల్లో తగ్గింది. ఆయనకి పది రోజులు పట్టింది. పంతొమ్మిదేళ్ల అమ్మాయికి తగ్గనే లేదు. ఆ తర్వాత కూడా ఇల్లు ఊడవడం, వండడం, గిన్నెలు తోమడం ఏదీ ఆగలేదు. పొద్దున లేస్తే మధ్యాహ్నం దాకా ఎలా నెట్టాలా అనీ, మధ్యాహ్నమైతే సాయంత్రం దాకా ఎలా అనీ తప్ప ఆమెకి ఇంకో ఆలోచన ఉండేది కాదు. మంచం మీంచి వంటింటికి పది అడుగులు. ఆ పది అడుగులకే కాళ్లు పీకేవి.

ఒకరోజు పొద్దున ఆయన పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆమె బట్టలు ఆరేసి వచ్చేసరికి పాలు ఇగిరిపోయి గిన్నె నల్లబడింది. వంటిల్లంతా ఒకటే మాడు కంపు.

"పక్కనే ఉన్నారు కదండీ! పాలు మాడుతుంటే పొయ్యి కట్టెయ్యలేరూ?"

ఆయన తలెత్తాడు. "మాడాయా?"

ఆ అడిగిన తీరుకి ఆమె పొయ్యి కట్టేసి ఆయనకేసి తిరిగింది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నాకు వాసన తెలీడం లేదు."

"ఎప్పట్నుంచీ?"

"అప్పట్నుంచే."

ఎప్పట్నుంచో ఆమె మళ్లీ అడగలేదు. "ఎవరికీ చెప్పలేదా?" అంది.

"ఏమని చెప్పను? ముక్కు పోయిందంటే ఎప్పుడు పోయిందంటారు. ఎప్పుడో చెప్పాలంటే, వాళ్లకి తెలిసిందే అయినా, అమ్మాయి మాట నా నోటితో చెప్పాలి. నాకు నోరు రావడం లేదు."

ఇన్నాళ్లూ ఆయన జ్ఞాపకంతో నెట్టుకొస్తున్నాడు. సీసా మీది కాగితం చూసి, లోపలి రంగు చూసి, ఒకప్పుడు చెప్పిన మాటలే మళ్లీ చెప్పేవాడు. వచ్చినవాళ్లు తలలాడించి తాగేవారు. రెండుసార్లు మాత్రం చెడిపోయిన సీసాని భేషుగ్గా ఉందని పోశాడు. తాగినవాళ్లు గ్లాసులు పక్కకి నెట్టేశారు. ఆ హోటలు యజమానురాలు డెబ్బై దాటిన మనిషి, అందరూ అమ్మగారు అంటారు. మొదటిసారి ఆవిడ నవ్వి ఊరుకున్నారు. రెండోసారి నవ్వలేదు.

మూడోసారి ఎప్పుడొస్తుందో ఆయనకి తెలుసు. ఆ హోటల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏడాదికోసారి, హోటలు మొట్టమొదట తెరిచిన తేదీన, మధ్యాహ్నం పూట బయటివాళ్లని రానివ్వరు. పనివాళ్లు బల్ల దగ్గర కూర్చుంటారు, అమ్మగారు వడ్డిస్తారు. దానికి 'మన పూట' అని పేరు. ఒక్కొక్కరు ఇంటి నుంచి ఒక్క మనిషిని తెచ్చుకోవచ్చు. తిండికి ముందు అమ్మగారు తను దాచుకున్న పాత సీసా ఒకటి తువ్వాలు చుట్టి తెస్తారు. ముక్కుగారు వాసన చూసి అదేమిటో చెప్పాలి. చెప్పాక చప్పట్లు. ఆ తర్వాతే ఎవరి చెంచా అయినా కదిలేది.

"చెప్పలేకపోతే ఏమంటారు?" అంది ఆమె.

"ఏమంటారు, ఇంటికి వెళ్లమంటారు. వాసన తెలీని ముక్కుగారు వాళ్లకెందుకు?"

ప్రతి ఏడూ ఆ పూటకి అమ్మాయి వెళ్లేది. ఈ ఏడు ఆ కుర్చీలో నువ్వు కూర్చోవాలి అన్నాడు ఆయన.

"నేనా? నాకేం తెలుసండీ ఆ వైన్ల సంగతి?"

"వైన్ల సంగతి నాకు తెలుసు. వాసనలు నీకు తెలుసు. పక్కింట్లో పాలు పొంగబోతుంటే ఇక్కణ్ణుంచి కేకేస్తావు. ఆ మాత్రం చాలు."

అలా మొదలైంది వాళ్లింట్లో చదువు. అమ్మగారు ఎప్పుడూ నాలుగు రకాల్లోంచే ఒకటి ఎంచుకుంటారు. ఆ రకాలు ఎవరైనా తాగి వదిలేస్తే, అడుగున మిగిలింది ఆయన మందు సీసాల్లో పోసి తెచ్చేవాడు. ఇంట్లో ఖాళీ మందు సీసాలకి కొదవ లేదు. ఆమె వాటిని వేడినీళ్లలో మూడేసి సార్లు కడిగి పంపేది. పొద్దున్నే, ఆయన పనికి వెళ్లేముందు, ఇద్దరూ వంటింటి గట్టు దగ్గర నిలబడేవారు.

"ఊఁ, చెప్పు."

"ఏం చెప్పను, సారా కంపు."

"దాని వెనకాల?"

"వెనకాల ఏముంటుందండీ?"

"ఉంటుంది. తొందరపడకు."

ఆమె కళ్లు మూసుకుంది. "కొత్త చెప్పుల పెట్టె తెరిచినట్టుంది."

"అదీ! తోలు! అది నేలగదిలో మూల అరలోది." ఆయన గట్టు మీద చెయ్యి చరిచాడు.

రెండోది వాన వెలిశాక పెరట్లో మట్టిలా ఉందంది. నాలుగోది పొగ పట్టిన ఎండుద్రాక్ష అంది. మూడోదాన్ని మాత్రం ముక్కు దగ్గర పెట్టుకున్నట్టే పెట్టుకుని దూరంగా జరిపేసింది.

"ఏం?"

"పెన్సిలు చెక్కిన పొట్టు."

ఆయన ఆ సీసాకి మూత పెట్టేశాడు. అమ్మాయి ఇళ్ల నమూనాలు గియ్యడం నేర్చుకునేది. బల్ల కింద ఎప్పుడు చూసినా ఆ పొట్టే. ఆమె రోజూ తిట్టుకుంటూ ఊడ్చేది.

ఎనిమిది నెలలుగా ఏ వాసననీ లోపలిదాకా రానివ్వకుండా బతుకుతున్న మనిషి ఆమె. అమ్మాయి గది తలుపు వేసే ఉంచింది. ఇప్పుడు రోజూ పనిగట్టుకుని ముక్కు తెరవాల్సి వచ్చింది. ఆ అరగంట అయ్యేసరికి పది బిందెల నీళ్లు మోసినట్టు ఒళ్లంతా హూనమయ్యేది. ఆయన వెళ్లిపోయాక గట్టుకి ఆనుకుని అలాగే నిలబడిపోయేది.

బల్ల దగ్గర ఆమె సైగతో ఆయనకి తెలిసేలా గుర్తులు పెట్టుకున్నారు. తోలు వాసనైతే చెవి సర్దుకోవాలి. మట్టి అయితే రొట్టె పళ్లెం జరపాలి. పెన్సిలైతే నోరు తుడుచుకోవాలి. పొగ అయితే నీళ్ల గ్లాసు మీద చెయ్యి వెయ్యాలి.

ఒకసారి ఆయన ఐదో సీసా తెచ్చాడు.

"ఛీ! ఇదేమిటండీ, తడి గోనెసంచి మూల పడేసి నాలుగు రోజులు మర్చిపోయినట్టు?"

"అదే చెడిపోయిన వైన్ అంటే. బిరడాకి తెగులు పడితే అలా అవుతుంది. తాగినవాళ్లు తిప్పికొట్టింది ఇదే."

"దీనికేం గుర్తు మరి?"

"దీనికెందుకు? అమ్మగారు దాచుకున్న సీసా చెడదు. ఇరవై ఆరేళ్లలో ఒక్కటీ చెడలేదు."

ఆ రోజు రానే వచ్చింది. పొద్దుట్నుంచీ ముసురు. మెట్లు దిగి లోపలికి వెళితే కిందికి దిగిన కప్పు, కౌంటరు వెనక పాత అద్దం, పైన తలకిందులుగా వేలాడే గ్లాసుల వరస. రెండు బల్లలు కలిపి తెల్లగుడ్డ పరిచారు. మోకాళ్లు ఒకదానికొకటి తగిలేంత ఇరుకు. ఇక్కడే ప్రతి ఏడూ అమ్మాయి కూర్చునేది, ఇంటికొచ్చి గంటసేపు కబుర్లు చెప్పేది. ఆ కబుర్లని బట్టి ఇదంతా చాలా పెద్దదనుకుంది ఆమె.

"రా వదినా, రా! ఇన్నేళ్లకి దారి తెలిసిందా?" అన్నాడు వంటాయన. అని, వెంటనే నాలిక కరుచుకున్నాడు.

అతను తన అత్తగారిని తీసుకొచ్చాడు. ఆవిడ తన ముందు పెట్టిన ఫోర్కుల్ని ఒకటొకటే ఎత్తి చూస్తోంది. "మూడెందుకు అల్లుడూ? నాకున్న పళ్లే రెండు."

"ఒకటి నన్ను పొడవడానికి అత్తయ్యా."

"దానికి మా అమ్మాయి ఉందిగా."

బల్లల దగ్గర వడ్డించే ముప్పై ఏళ్లావిడ, ఇంటి నుంచి ఎవర్నీ తేకుండా ఒంటరిగా వచ్చినావిడ, పడీ పడీ నవ్వింది. ముక్కుగారు కూడా నవ్వాడు. ఆ నవ్వు మొహం మీద ఎక్కడా ఆనలేదని ఆయన భార్యకే తెలిసింది.

అమ్మగారు తువ్వాలు చుట్టిన సీసాని పసిపిల్లని ఎత్తుకున్నట్టు పొదివి తెచ్చారు. బిరడా తీసి ముక్కుగారి గ్లాసులో పోశారు.

"మా ఆవిడక్కూడా రెండు చుక్కలు పొయ్యండి అమ్మగారూ. రంగైనా చూస్తుంది."

"రంగు చూడ్డమేమిటి, తాగమనండి."

"అలవాటు లేదమ్మగారూ, ఊరికే చూస్తాను," అంది ఆమె.

గ్లాసు ఎత్తింది. పెన్సిలు కాకుండా ఉంటే చాలు, ఇంకేదైనా సరే అనుకుంది.

పెన్సిలు కాదు. తడి గోనెసంచి.

తలుపు దగ్గర తగిలించిన తడి కోట్ల వాసనేమో అనుకుని మళ్లీ చూసింది. కోట్లు కాదు, గ్లాసులోదే. దాని వెనక తోలు లేదు, మట్టి లేదు, పొగ లేదు. ఆయన ఆమె చేతి వంకే చూస్తున్నాడు. ఆ చెయ్యి ఒళ్లో అలాగే ఉండిపోయింది. ఆయన గ్లాసుని రెండోసారి తిప్పాడు. మూడోసారి తిప్పాడు.

"ఈ ఏడు ఇంత ఆలస్యమేమిటి?" అన్నారు అమ్మగారు.

"అన్నయ్య ఊరిస్తున్నాడండీ," అన్నాడు వంటాయన.

ఇక లాభం లేదని ఆయన రంగు చూసి ఊహించాడు. "ఇది మూల అరలోది. తోలు వాసన. అడుగున ఎండిన పండ్లు. పాతదైనా ఎంత హుందాగా ఉందో చూడండి."

అమ్మగారి మొహం విచ్చుకుంది. "అదే!" అంటూ తువ్వాలు లాగేశారు. నిజంగానే మూల అరలోది. ఊహ సరిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. అమ్మగారు ఉత్సాహంగా మిగతా గ్లాసుల్లో పొయ్యడం మొదలుపెట్టారు.

ఒక్క గుక్క మింగితే అందరికీ తెలిసిపోతుంది. ఆ గుక్క దాకా ఆగే ఓపిక ఆమెకి లేకపోయింది.

"పొయ్యకండి అమ్మగారూ. అది చెడిపోయింది."

చప్పట్లు ఆగిపోయాయి. అమ్మగారు తన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. చాలాసేపు అలాగే ఉన్నారు.

"తడిగుడ్డలా..."

"గోనెసంచి," అంది ఆమె.

"అవును. గోనెసంచే." ఆవిడ గ్లాసు దించారు. "ముక్కుగారూ, మీకు తెలీలేదా?"

ఆయన నోరు తెరిచేలోపే వంటాయన అందుకున్నాడు. "ఊరికే అమ్మగారూ! మనల్ని పరీక్షించాడు. ఏం అన్నయ్యా, అంతేగా?"

ఆయన ఆ మాట వంక చూశాడు. పట్టుకుంటే ఒడ్డు చేరే మాటే. ఆమె కూడా అది చూసింది. ఈ పూటకి ఒడ్డు చేరతారు. రేపు పొద్దున్నే మళ్లీ వంటింటి గట్టు, మందు సీసాలు, ఊఁ చెప్పు, దాని వెనకాల ఏముంది.

"చెప్పెయ్యండి," అంది మెల్లిగా. "నావల్ల కాదండీ ఇంక."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నాకు వాసన తెలీదు అమ్మగారూ. ఎనిమిది నెలలైంది."

"ఎనిమిది నెలలా!"

"మా అమ్మాయి..." అని ఆగాడు. "మా అమ్మాయి పోయిన జ్వరంలోనే. అదీ పోయింది, ఇదీ పోయింది."

పోయింది అన్న మాట ఆయన నోటి వెంట ఆమె మొదటిసారి విన్నది. ఆయన ఏడవలేదు. ఎక్కణ్ణుంచో బరువు మోసుకొచ్చి దింపినవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏమైంది అల్లుడూ? చెడింది వైనా, మనిషా?" అని అడిగింది అత్తగారు.

"నువ్వు రొట్టె తిను అత్తయ్యా," అన్నాడు వంటాయన.

అమ్మగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఇన్నాళ్లూ నా వైన్ ఎలా పోశారు?"

"జ్ఞాపకంతో."

"నన్ను మోసం చేశారన్నమాట."

"చేశాను అమ్మగారూ."

ఆవిడ తువ్వాలు నాలుగు మడతలు పెట్టారు, విప్పారు, మళ్లీ పెట్టారు. "నేలగది తాళం ఇటివ్వండి," అన్నారు చివరికి.

ఇరవై ఆరేళ్లుగా నడుముకి వేలాడిన తాళం. గుత్తిలోంచి ఊడదియ్యడానికి ఆయన వేళ్లు సాగలేదు. భార్య తీసి ఇచ్చింది. అమ్మగారు దాన్ని వడ్డించేవిడ చేతిలో పెట్టారు. "ఏ అరలో ఏముందో, దేనికి ఏది పొయ్యాలో ఆయన చెప్తారు. వాసన నువ్వు చూడు. రేపట్నుంచి ఆయన బల్లల దగ్గర వడ్డిస్తారు." తర్వాత ఆమె వైపు తిరిగారు. "లేకపోతే నువ్వు రాకూడదూ? ఆయనకి ముక్కుగా పక్కన నిలబడు. జీతం నేనిస్తాను. తాళం మళ్లీ ఆయనకే."

అందరూ ఆమె వంక చూశారు. ఆయనా చూశాడు, కళ్లలో ఆశతో. ఆ ఆశ చూడ్డానికే ఆమెకి కష్టంగా ఉంది.

"రాలేనమ్మగారూ. నా ముక్కు నాకే బరువుగా ఉంది."

ఆయన తల దించుకున్నాడు.

అమ్మగారు చెడిన సీసా తీసేసి మామూలుది తెచ్చారు. తర్వాత సూప్ వచ్చింది. ఉల్లిపాయలు గంటల తరబడి వేయించి చేసిన సూప్, పైన రొట్టెముక్క, దాని మీద కరిగి సాగుతున్న చీజ్. అందరూ చెంచాలు అందుకున్నారు. ఆయన ఒక చెంచా తాగాడు. రెండోది తాగి ఆగాడు.

"ఉప్పు తక్కువైంది."

వంటాయన చెంచా గాల్లోనే నిలిచిపోయింది. "ఏంటీ? వాసన తెలీదంటివిగా!"

"పోయింది ముక్కేనయ్యా. నాలిక ఉంది."

"నేనూ ఇందాకట్నుంచి అందామనే చూస్తున్నా," అంది అత్తగారు. అమ్మగారు రుచి చూసి, ఏమీ అనకుండా ఉప్పు బుడ్డి ముందుకి జరిపారు. వంటాయన మొహం కందగడ్డ చేసుకున్నాడు.

ఆమె కూడా రుచి చూసింది. తక్కువే. తన వంట తనే రుచి చూసి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. మొగుడి వైపు వంగి అడిగింది, "మరి మనింట్లో?"

"మనింట్లో ఎక్కువ."

"ఎప్పుడు?"

"రోజూ."

"ఎనిమిది నెలలుగా రోజూనా? ఒక్కనాడైనా అనలేదేం?"

"నీకు ఓపిక లేదు కదాని."

ఆమెకి ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ నోరు మూసుకుని ఆ ఉప్పు కూడంతా తిన్నాడా ఈ మనిషి!

"ఓపిక సంగతి నేను చూసుకుంటాను," అంది చెంచా బల్ల మీద పెట్టి. "రేపట్నుంచి ఎక్కువైతే ఎక్కువైందని చెప్పండి. వింటున్నారా?"

"వింటున్నాను."

"అయితే తినండి. చల్లారిపోతోంది."