చీకట్లో పెట్టిన సీసా

ఆ రోజుల్లో నిజం చెబితే జవాబు వస్తుందని నమ్మేవాణ్ణి. మా గైడు సారుకు ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశాను, వాట్సాప్‌లో ఎన్ని పంపానో లెక్కలేదు. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు పడలేదు. (పండుగ శుభాకాంక్షలు మాత్రం ఠంచనుగా వస్తాయి, ఊరందరికీ కలిపి.)

కరీంనగర్‌లో పరిశోధన విద్యార్థిగా నా బతుకంతా ఒక తెల్లపొడి. సిలికా రేణువుల నిండా కంటికి కనిపించని బొరియలు, ఆ బొరియల్లో టైటానియా, అంటే గోడల పెయింటుకు తెలుపునిచ్చేదే. ఎండ తగిలితే అది నీళ్లలోని అద్దకం రంగును విరగ్గొట్టేస్తుందని సారు నమ్మకం. మా బాపు మరమగ్గాల నూలుకు రంగు అద్దేవాడు కనుక ఊదారంగు నీళ్లు మా ఇంటి నుంచే, డబ్బాలో, బస్సులో వచ్చేవి. (ఒకసారి ఒలికినప్పుడు కండక్టర్ అన్నవి ఇక్కడ రాయను.)

పొడి కలిపిన సీసా ఒకటి మా ల్యాబు డాబా మీద ఎండలో పెట్టాను. అలాంటిదే ఇంకొకటి దుప్పట్లో చుట్టి బీరువాలో దాచాను. సాయంత్రానికి ఎండ సీసా తేటపడింది. సారు పైనీళ్లు గ్లాసులోకి ఒంపి అందరికీ చూపించి, మడ్డితో సహా సీసాను తన గదికి పట్టుకుపోయారు. నేను బీరువా తెరిచాను. అదీ తేటే! పరుగెత్తాను.

"సార్, చీకట్ల గూడ రంగు పోయింది. ఎండ జేసిందేమున్నది?"

"గా సీసా నిన్నెవరు పెట్టుమన్నరు?"

"మీరే సార్. పోల్చి చూడుమన్నరు."

"పోల్చుమన్న గనీ, గిట్ల పరేషాన్ జెయ్యుమన్ననా? పారబొయ్యి!"

పారబోస్తానా? ఇంటికి తీసుకుపోయాను. బాపు సీసా ఎత్తి అడుగు చూశాడు. పొడి నేరేడుపండు తిన్న నాలుకలా ఉంది.

"రంగు యాడికి పోలేదురా కొడుకా, పొడిల జొచ్చింది. గింత దానికి గన్నేండ్ల సదువా? సరే, ఎండల పెట్టినదాని పొడి ఏ రంగున్నది?"

"చూడలే బాపూ."

"ఎందుకు చూడలే?"

"సారు మీద కోపమొచ్చింది."

"మంచిగున్నది! ఆయన నీ సీస చూడలే, నువ్వు ఆయన సీస చూడలే. ఇద్దరు గొప్ప సైంటిస్టులే."

తర్వాత వ్యాసం అచ్చయింది. అందులో నా చీకటి సీసా లేదు. చివరి కృతజ్ఞతల్లో డాబా తాళంచెవి ఇచ్చిన అటెండర్ పేరుంది, నాది లేదు. ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. కోపంతో వెనుదిరిగి, నాలుగడుగుల దూరంలోని సీసాను చూడకుండా పోయిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. అయినా వదలను.

సార్, మీ సీసా అడుగున పొడి ఊదాగా ఉంటే నేను గెలిచాను, తెల్లగా ఉంటే ఎండ నిజంగానే రంగును విరగ్గొట్టినట్టు, మీరు గెలిచారు. ఓడినా ఒప్పుకుంటాను. ఏ రంగో ఒక్క మాట చెప్పండి!