రేకు మీద ఒక్క దెబ్బ

కలకత్తా శివార్లలోని జోకా దాటాక మా వ్యాన్ ఎడమవైపు రేకు మీద ఎవరో అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టారు. డ్రైవరు సింహాచలం కాలు బ్రేకు మీద పడింది. అతనూ, పక్క సీట్లోని నేనూ దిగి చూస్తే వ్యాన్ పక్కన ఎవరూ లేరు. అది పట్టపగలు.

దయ్యాల వార్త వస్తే, ముందు ఆ ఇంటి కరెంటు వైర్లు చూసి రమ్మని విలేకరులను పంపినవాణ్ణి నేను. పత్రికలో పనిచేసినన్నాళ్లూ ఒక్క దయ్యాన్నీ అచ్చుకెక్కనివ్వలేదు. అందుకే ఇది రాయడానికి ఇంతకాలం వెనకాడాను.

పక్షవాతంతో నా భార్య కమల కుడిచెయ్యి పడిపోయింది. ఒళ్లో పెడితే అక్కడే ఉండేది. అంతకంటే నన్ను భయపెట్టింది ఆమె గడప దాటకపోవడం. నలుగురూ చూస్తారని ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ కదిలేది కాదు.

ఒక పాత మినీబస్సు కొని ఖిదిర్‌పూర్ షెడ్డులో మార్పించాను. సీట్లు తీయించి మంచం, చిన్న పొయ్యి, ఎడమవైపు పెద్ద కిటికీ పెట్టించాను. వేడి తగలకుండా లోపలి రేకంతా స్పాంజి పరిచి, పైన ప్లైవుడ్ బిగించారు. డ్రైవరుకీ వెనక గదికీ మధ్య చెక్క గోడ కట్టారు. పిలవడానికి ఒక గంట ఉండాలని ఎవరికీ తోచలేదు.

"నన్ను ఊరేగిస్తారా ఏటి?" అంది కమల వ్యాన్ చూసి. "ఒక్కసారే వస్తాను. నచ్చకపోతే మళ్లీ అడక్కండి."

సింహాచలం వాట్‌గంజ్ మనిషి, ఏళ్లతరబడి మినీబస్సు తోలినవాడు. కలకత్తాలో కండక్టరు రేకు మీద ఒకసారి కొడితే ఆపాలి, రెండుసార్లు కొడితే పోనివ్వాలి. ఆ చప్పుడు వింటే అతని కాలు అతన్ని అడగదు.

"ఏటి సార్, కండక్టర్ని కూడా పెట్టారా?" అన్నాడు, ఆ దెబ్బకి బండి ఆపి దిగాక. నా మొహం చూశాక నవ్వడం మానేశాడు.

వెనక తలుపు తీశాం. కమల డ్రైవరు సీటుకు వీపు పెట్టి కూర్చుంది కనుక, పడిపోయిన కుడిచెయ్యే ఆ ఎడమ గోడవైపు ఉంది. ఎడమచేతిలో మరమరాల పొట్లం.

"ఎన్నిసార్లు పిలిచానండీ! కలువకాడలు అమ్ముతున్నారు, ఆపమని. ఇప్పటికి వినబడిందా?"

"గోడ మీద కొట్టావు కదా?"

"ఏ చేత్తో?" అంది.

ఒళ్లో ఉన్న కుడి అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. ఆమె కూడా అప్పుడే చూసుకుంది.

"బౌదీ, ఇంకోసారి కొట్టండి" అన్నాడు సింహాచలం మెల్లగా. వదినను బెంగాలీలో అలాగే పిలుస్తారు.

చెయ్యి లేవలేదు. చూపుడువేలు మాత్రం కదిలింది. 

కలువకాడలు కొన్నాం. నార తీయడం కూడా రాదని తిడుతూ నా చేత వ్యాన్‌లోనే వండించింది. అంతసేపు తిట్టి చాలాకాలమైంది.

నరాలు మేలుకునేటప్పుడు చెయ్యి ఒక్కోసారి ఎగురుతుందని డాక్టరు అన్నారు. ఒప్పుకున్నాను. తర్వాత నేనే వెనక కూర్చుని ఆ ఎడమ గోడను లోపలినుంచి బలంగా కొట్టి చూశాను. ముందున్న సింహాచలానికి ఏమీ వినబడలేదు. స్పాంజి మింగేసింది. ఆ రోజు మేం విన్నది మాత్రం ఉత్త రేకు చప్పుడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం బయల్దేరతాం. మరమరాల పొట్లం కమల కుడిచేతిలోనే నిలుస్తోంది. గంట పెట్టిస్తానంటే వద్దంది. ఎడమచెయ్యి కిటికీకి అందేలా చోటు మార్చుకుంది. బయల్దేరే ముందు చెయ్యి బయటికి చాపి, రేకు మీద రెండుసార్లు కొడుతుంది. ఆ చప్పుడు మాకు బాగా వినబడుతుంది.

ఆ మొదటి రోజు మాత్రం, దుమ్ము పడుతుందని ఆ కిటికీ అద్దం నేనే బిగించాను. మేం తలుపు తీసినప్పుడు కూడా అది బిగించే ఉంది.